పదకొండు సెకన్ల అమ్మ

నవంబరు 3, సోమవారం

పొద్దున్నే బీరువా తీసి రీలు డబ్బా వాసన చూశాను. పులిసిన గంజిలా ఉంది. సినిమా ఆపరేటరుగా పనిచేసినవాడికి ఆ వాసన తెలుసు — ఫిల్ము చెడిపోతోంది.

అరవై ఏళ్ళ కిందట మిషనరీ దొరసానిగారు కాలవలో బాప్తిస్మాలు తీసిన మూగ రీలు. అందులో పదకొండు సెకన్లు అమ్మ. గట్టు మీద తెల్లచీరలో నిలబడి ఏదో అంటుంది. నా ఏడో ఏట పోయింది. ముఖం గుర్తుంది, నడక గుర్తుంది. గొంతు... ఎంత వెతికినా దొరకదు.

నవంబరు 4

గ్రేసు అమలాపురం నుంచి వచ్చింది. రీలంతా పోయిన నెలే ఫోటోలు తీయించి ఫోనులోకి ఎక్కించింది నా కూతురు. ఆదివారం చర్చి వార్షికోత్సవంలో తెర మీద వేస్తారట. అక్కడితో ఆగితే బాగుండును.

"నాన్నమ్మకి గొంతు పెట్టేనండి నాన్నగారూ. 'ప్రభువుకు స్తోత్రం' అంటుంది. ఒక్కసారి వినండి."

"గొంతు ఎక్కడిదే?" అన్నాను.

"ఫోనే పుట్టిస్తుందండీ."

వద్దన్నాను. గట్టిగానే అన్నట్టున్నాను, దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సాయంత్రం బస్సుకే వెళ్ళిపోయింది.

ఒకసారి వింటే ఇక అదే అమ్మ గొంతు. అసలుది ఎప్పుడైనా గుర్తొస్తుందేమోనని ఇన్నేళ్ళూ ఆ చోటు ఖాళీగా ఉంచుకున్నాను. పరాయిది వచ్చి కూర్చుంటే లేపగలనా? భయంగా ఉంది.

నవంబరు 5

బీపీ మాత్ర వేసుకున్నానో లేదో... గుర్తులేదు.

రాజోలు హాల్లో ముప్ఫై ఏళ్ళు సినిమాలు వేశాను. ప్రొజెక్టరు రొదకి బూత్‌లో ఒక్క మాటా వినిపించేది కాదు. కింద జనం టాకీ చూస్తే పైన నేను చూసినవన్నీ మూకీలే. ఏడవడానికి అవే చాలేవి. ఇప్పుడో — చెత్తబండి పాడుతుంది, లిఫ్టు మాట్లాడుతుంది, అడక్కుండానే ఫోను సలహా ఇస్తుంది. నోరు మూసుకునేది ఒక్కటీ లేదు.

నవంబరు 6

గ్రేసు పంపిన బొమ్మని, శబ్దం పూర్తిగా తీసేసి, అక్కకి చూపించాను. అక్కకి పుట్టుకతోనే చెవులు వినపడవు. పెదాలు చూసి మాట పట్టేస్తుంది.

చూడగానే పకపకా నవ్వింది. మళ్ళీ పెట్టమంది. ఆరుసార్లు చూసింది. అప్పుడు నా వంక తిరిగి పెదాలతో చెప్పింది: "అన్నం మాడిపోతోంది. వెళ్ళి దించు."

స్తోత్రం కాదు, అన్నం! కెమెరా పట్టిన దొరసానిగారి పక్కన నిలబడింది తనేనట. అమ్మ అంటున్నది తనతోనే.

అప్పుడు తట్టింది నాకు. అక్కతో అమ్మ ఏనాడూ గొంతు కలిపి మాట్లాడలేదు. వినపడని పిల్లకి శబ్దమెందుకని ఉత్త పెదాలే కదిపేది. అదే మా ఇద్దరికీ అలవాటైంది. చర్చిలో ప్రసంగం మధ్య అలాగే కబుర్లాడుకుని తొడపాశాలు తిన్నాం.

అంటే ఆ పదకొండు సెకన్లలో గొంతన్నదే లేదు. రీలు ఏమీ పోగొట్టలేదు. ఉన్నదంతా అందులోనే ఉంది.

నవంబరు 7

గ్రేసుకి ఫోను చేసి ఇదంతా చెప్పాను.

"పాస్టరుగారు అందరికీ చెప్పేసేరండి, నాన్నమ్మ మాట్లాడుతుందని... పోనీ అన్నం మాడిపోతోందనే అనిపించెయ్యనాండీ? గొంతుతోనే?"

చూడని నాన్నమ్మ కావాలి దానికి. నాకు అమ్మ కావాలి. ఎవరిది తప్పనను? "నీ ఇష్టం తల్లీ" అని పెట్టేశాను. పిరికివాణ్ణి.

నవంబరు 8

తాటిపాక వెళ్ళి దూది కొన్నాను. ఊళ్ళో కొంటే చెవికేమైందని పదిమంది అడుగుతారు.

నవంబరు 9, ఆదివారం

దూది కుక్కుకుని కూర్చున్నాను. అమ్మ తెర మీదకి రాగానే అక్క నా చెయ్యి పట్టుకుంది. చుట్టూ కళ్ళు తుడుచుకుంటున్నారు. నాకు ఏదో ముద్దగా వినిపించింది, అంతే. గట్టెక్కాననుకున్నాను.

భోజనాల దగ్గర దూది తీసి జేబులో వేసుకున్నాను. పక్కబల్ల దగ్గర ఎవరో ఫోను నా వైపు తిప్పారు. "ఆయ్, మీ అమ్మగారేనండీ! అన్నం మాడిపోతోందని ఎంత చక్కగా చెప్పేరో, వినండి..."

విన్నాను.

నవంబరు 11

వంటింటి గుమ్మంలోంచి అక్క పెదాలు కదిపింది, పప్పు దించమని. ఇన్నేళ్ళూ ఆ పెదాలకి ఏ గొంతూ ఉండేది కాదు నాకు.

ఇవాళ వినిపించింది. ఆ ఫోనులోని గొంతే.

పప్పు దించలేదు. ఇంకోసారి చెప్పమన్నాను.