కిటికీ వెయ్యమన్నది పాఠం కాదు

బుజ్జులూ, అన్నం గిన్నెలో ఉంది, తిన్నాకే పుస్తకం తియ్యి. నేను గుండె డాక్టరు దగ్గరికి వెళ్తున్నాను. మీ నాన్న తోడున్నాడు, కంగారు పడకు.

నీ నోట్సు కూడబలుక్కుని చదివానే. టీచరమ్మ "ఆ కిటికీ వెయ్యండి" అన్నది కూడా రాసేశావు! చెయ్యి అలా పరిగెత్తితే చెవి ఎప్పుడు వింటుందే తల్లీ? అందుకే పోయినసారి తప్పావు. రేపటి పరీక్షకి ఇలా చెయ్యి. పుస్తకం మూసి, గుండె పాఠం గోడకి చెప్పు. ఎక్కడ ఆగిపోతే అదొక్కటే నీ మాటల్లో రాసుకో.

మొన్న నువ్వు చదువుతుంటే విని, గుండెకి నాలుగు గదులని పక్కింటి పిన్నికి చెప్పాను. చివరి గది పేరు తట్టలేదు.

నానమ్మ

ఇంకో మాట. గోడకి వద్దులే, సాయంత్రం నాకే చెప్పు. డాక్టరు ఏ గది పాడైందంటాడో నాకూ తెలియాలిగా.