ఆళ్లగడ్డ కేసు నోటుపుస్తకం

నాయనా,

నువ్వు పోయి నేటికి ఏడాది. హైకోర్టు జడ్జీగా నువ్వు రాసుకున్న కేసుల నోటుపుస్తకాలన్నీ భద్రపరుస్తామని రికార్డాఫీసు వాళ్లు అడిగితే సరేనన్నాను. ఇవాళ మన నంద్యాల ఇంటికి వాళ్ల గుమాస్తా వచ్చాడు.

జాబితా రాసుకోవాల్సిన మనిషి, ఒక్కో నోటుపుస్తకం అట్ట మాత్రం చూసి పక్కన పడేస్తున్నాడు. ఏదో వెతుకుతున్నాడని నాకు అనుమానం వచ్చింది.

"ఆళ్లగడ్డ హత్య కేసుది యాడుందమ్మా?" అన్నాడు చివరికి.

దాన్ని పొద్దున్నే తీసి బీరువాలో దాచింది నేనే. ఉరిశిక్ష ఖాయం చేస్తూ సంతకం పెట్టిన మర్నాడు అందులో ఒకే మాట రాశావు: "ఆ సాక్షి అబద్ధం చెప్పాడేమోనని ఇప్పుడు అనిపిస్తోంది." తర్వాతి పేజీలన్నీ ఖాళీ.

"నీకెందుకది? నిన్ను ఎవరు పంపిచ్చినారు?" అని గద్దించాను.

"ఎవురూ పంపలేదమ్మా. ఆ కేసులో ఉరి తీసింది మా అన్ననే."

అప్పటికీ నమ్మలేదు. వాళ్ల అన్న పేరు, తండ్రి పేరు అడిగాను. తీర్పులో ఉన్నవే చెప్పాడు. పుస్తకం తెచ్చి చేతికిచ్చి, ఎక్కడ చించేస్తాడో అని పక్కనే నిలబడ్డాను.

అతను ఆ మాట రెండుసార్లు చదివాడు.

"మా యమ్మ ఇంగా బతికే ఉండాది. ఆయమ్మకు ఈ మాట చెప్తా" అన్నాడు. పుస్తకం మూసి నా ముందు పెట్టాడు. "దీన్ని జాబితాలో రాయల్నా, వద్దామ్మా? నువ్వే చెప్పు."

ఊళ్లో నీకున్న పేరు గుర్తొచ్చింది నాయనా. జాబితాకెక్కితే ఆ మాట ఎవరైనా చదవొచ్చు.

రాయమన్నాను.