బోర్డు తిప్పిన చెయ్యి

పర్యాటక అధికారి గారికి,

అయ్యా,

విషయం: దారి బోర్డు తిప్పాడని గొడుగుల బండి అతని పర్మిట్ రద్దు చేయడం గురించి; ఆ బోర్డు తిప్పినది నేనని తెలియజేయడం గురించి.

1. నేను రిటైరైన లెక్కల టీచరును. వయస్సు డెబ్బై నాలుగు. మేడ మీది రెండు గదులు యాత్రికులకు అద్దెకిస్తాను. ఇల్లు గడిచేది వాటి మీదే.

2. సముద్రం దగ్గరికి దారి మా గుమ్మం ముందు నుంచే. పోయిన నెల పదకొండున మధ్యాహ్నానికల్లా మా మెట్ల మీద కూర్చున్నవారు ముప్పై ఎనిమిది మంది. ఆరేసిన నా లంగాలకు ఫొటోలు తీసినవారు ఇద్దరు. నేను అన్నం తింటుండగా కిటికీలోంచి తొంగిచూసి "ఇది మ్యూజియమా?" అని అడిగినవారు ఒకరు. ఆ సాయంత్రమే స్టూలు వేసుకుని బోర్డు మీది బాణాన్ని వెనక సందు వైపు తిప్పాను.

3. ఆ సందులో సముద్రం లేదు. మొదట్లో గొడుగుల బండి, ఆ తర్వాత రెండు వందల పన్నెండు మెట్లు, పైన నీళ్ల ట్యాంకు ఉన్నాయి. తొమ్మిది రోజులు హాయిగా అన్నం తిన్నాను. పదో రోజున మా మేడ గదిలో దిగిన ఒకావిడ, నా ఈడుదే, ఆ మెట్లన్నీ ఎక్కిదిగి వాచిన కాళ్లతో వచ్చింది. వేణ్ణీళ్లు పెట్టిచ్చాను. "ఈ ఊళ్లో మీలాంటివాళ్లు ఉండబట్టి సరిపోయింది, అక్కయ్యగారూ" అంది.

4. ఆవిడ ఫిర్యాదు మీద తమ సిబ్బంది వచ్చి, "బాణం అటు తిరిగితే బేరం ఎవడికిరా?" అని గొడుగులతన్ని నిలదీశారు. నేను గుమ్మంలోనే ఉన్నాను. బండి లాక్కుపోతుంటే లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాను. అబద్ధమాడిన పిల్లల చేత ముప్పై ఒక్క ఏళ్లు గోడకుర్చీ వేయించినదాన్ని.

కాబట్టి అతని బండి, పర్మిట్ అతనికి ఇప్పించి, నా గదుల లైసెన్సుపై తగిన చర్య తీసుకోండి. బోర్డును స్టూలు వేసుకున్నా నా చేతికి అందనంత ఎత్తులో బిగించండి. ఈ అర్జీ నకలు ఆ బోర్డు కిందే అంటించాను. వీధివాళ్లు చదువుకుంటున్నారు. తాము కూడా చిత్తగించి, విచారణకు రావలెను. ఈసారి తలుపు తీసే ఉంచుతాను.

తమ విధేయురాలినని రాయడానికి సిగ్గుపడుతూ,
మెట్ల ఇంటి లెక్కల టీచరు

తా.క.: ఆ రోజు స్టూలు ఊగుతుంటే పట్టుకున్నది గొడుగులతనే. బోర్డుకు దుమ్ము తుడుస్తున్నానని చెప్పాను. తమవాళ్లకు ఆ మాట ఎందుకు చెప్పలేదని నిన్న వెళ్లి అడిగాను.

"మీ పేరు ఎలా చెప్తానండీ, మామ్మగారూ? దుమ్మయితే అలాగే ఉంది, అడుగుదామనుకున్నా. బాగుండదని ఊరుకున్నా" అన్నాడు.

ఇవాళ పొద్దున తుడిచాను. స్టూలు పట్టుకోమని ఎవరినీ పిలవలేదు.