నాలుగుసార్లు జరిపిన కిటికీ

నకిరేకల్

మెర్సీ మేడమ్ గారికి నమస్కారం.

మీరు గీస్తున్న మా కొత్త ఇంటి ప్లాన్‌లో మగ్గాల గది కిటికీని నాలుగుసార్లు జరిపించాను. నిన్న ఫోన్లో మీరు, "సార్, అసలు మీకేం గావాల్నో ఒక్కసారి సక్కగ చెప్పుండ్రి" అన్నారు. నాకు కోపం రాలేదు, సిగ్గేసింది. చీర ఆర్డరిచ్చి, నూలుకు రంగెక్కాక పువ్వు మార్చమనే వాళ్లను ముప్పై ఏళ్లుగా తిట్టుకున్నవాణ్ణి నేను.

మొదటిరోజు మీరు "ఇంట్ల ఎందరు నేస్తరు?" అని అడిగితే ఇద్దరమని చెప్పాను. అది అబద్ధం. నా భార్య వెంకటనర్సమ్మ పోయిన ఎండాకాలం చనిపోయింది. నా మాట నమ్మి మీరు రెండు మగ్గాలు గీశారు, రెండింటి మీదా సమంగా వెలుగు పడేలా కిటికీ పెట్టారు. తప్పు మీది కాదు.

ఇప్పుడున్న కిరాయి ఇంట్లో ఆమె మగ్గం కిటికీ పక్కన, నాది ఆ తర్వాత. ఆమె నీడ నా బట్ట మీద పడేది. "జర వంగు, పోగు కనిపిస్తలేదు" అని రోజూ కసిరేవాణ్ణి. "కండ్లద్దాలు మార్చుకో, నన్నెందుకంటవ్" అనేది. ఇప్పుడు వెలుగంతా నా మగ్గం మీదే పడుతోంది. అయినా జానెడు నేయడానికి పొద్దంతా పడుతోంది.

మీరు మొదట గీసిన కిటికీయే ఉంచండి. దాన్ని ఎటు జరిపినా ఆ నీడ రాదని నాలుగు కాగితాలు పాడుచేయించాక గానీ నాకు తెలియలేదు.

మగ్గం మాత్రం ఒకటే గీయండి. కిటికీ పక్కన కాదు, దాని తర్వాతి జాగాలో.

ఇట్లు,
మిమ్మల్ని ఇంత సతాయించినవాడు