నాలుగో ప్రతి

తిరుపతి,
18 జులై 2025.

పూజ్యులైన రంగప్రియ మేడం గారికి,

మీ తెలుగు తరగతిలో చివరి బెంచీవాడు గిరి, హాస్టలు గదిలో మంచాల మధ్య చోటున్నంత మేరకు సాష్టాంగపడి రాసుకున్న విన్నపం. ఇక్కడ అందరం క్షేమం. సాంబారు ఒక్కటే నీరసంగా ఉంది.

కాలేజీ పత్రికకు నేనిచ్చిన ‘తప్పు హాస్టలుకు వచ్చిన మనిషి’ కథ మీకు గుర్తుండే ఉంటుంది. బంగారుపాళ్యం మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పనిచేసే కుప్పయ్య, తలమీది నీలం ప్లాస్టిక్ టోపీ తియ్యడం కూడా మరిచి, కొడుకు కోసం సంచీడు బేనీషా మామిడి కాయలతో మా హాస్టలుకు వస్తాడు. కుర్రాళ్ళు టోపీ చూసి నవ్వుతారు. “తప్పు హాస్టలుకు వచ్చినాను అప్పా. మళ్ళా మోసుకుపోలేను, మీరే తినండి” అని సంచి వదిలి వెళ్ళిపోతాడు. మొదటి ప్రతి పదకొండు పేజీలు, అందులో టోపీ మీదే నాలుగు. చదివి వినిపిస్తే గది గదంతా పడి నవ్వింది. మహారచయితనైపోయానని ఆ పూట స్నానం కూడా మానేశాను.

మీరు మాత్రం నవ్వలేదు. పెన్సిలుతో అంచున ఒక్క ప్రశ్న రాశారు: అంత దూరం మోసుకొచ్చినవాడు సరైన హాస్టలు ఎందుకు వెతకలేదు?

రెండో ప్రతిలో ఆయనకు బస్సు తొందర పెట్టాను. చిత్తూరు బస్సులు దండిగా ఉంటాయని కొట్టేశారు. మూడో ప్రతిలో మతిమరుపు తగిలించాను. మతిమరుపువాడికి కొడుక్కి ఇష్టమైన కాయలు ఎలా గుర్తున్నాయని అడిగారు. జవాబు నాకు తెలుసు మేడం. రాయడానికే చెయ్యి రాలేదు.

ఇది నాలుగో ప్రతి. మూడు పేజీలే. టోపీ జోకులన్నీ పోయాయి, టోపీ మిగిలింది. ఇందులో ఆయన సరైన హాస్టలుకే వస్తాడు. నవ్వే కుర్రాళ్ళలో కొడుకు ఉంటాడు. “ఎవరు కావాలండీ మీకు?” అని అడుగుతాడు. ఆయన కొడుకు ముఖం ఒక్క క్షణం చూసి, అప్పుడంటాడు ఆ మాట. పాత మాటే, ఒక్క అక్షరం మార్చలేదు. ఈసారి గదిలో ఎవరికీ చదివి వినిపించలేదు.

సోమవారం పత్రిక ప్రెస్సుకు పోతుందట. పాతది చించేసి, దయచేసి ఇది వేయండి.

మీ పెన్సిలు దెబ్బలు తిన్న శిష్యుడు,
గిరి

తా.క.: కుప్పయ్య అన్నది అసలు పేరే. కొడుకు పేరు దగ్గర మాత్రం ఖాళీ వదిలాను. ఆ రోజు అందరితోపాటు నేనూ రెండు కాయలు తిన్నాను మేడం. సంచి ఉతికి పెట్టాను. ఆదివారం ఊరికి పోయి నాయనకు ఇచ్చి, కథ కూడా చదివి వినిపిస్తాను. పత్రిక వస్తే గదిలో అందరికీ తెలిసిపోతుంది. తెలియనివ్వండి. ఆ ఖాళీలో గిరి అని రాయండి. పెన్సిలుతో వద్దు, పెన్నుతో.