జానీ అనబడే మా అందరి తొలగింపు

గౌరవనీయులైన కార్మిక శాఖ అధికారి గారికి,

అయ్యా,

విషయం: లాండ్రీలో జానీని ఉద్యోగం నుండి తొలగించినందున, ఆ జానీ మాలో ఎవరో తేల్చి చెప్పవలసినదిగా కోరుట గురించి.

1. పై విషయమై తమకు మనవి చేయునది ఏమనగా, మేము పొట్ట చేత పట్టుకుని పరాయి దేశాల నుండి వచ్చి, హోటళ్ల దుప్పట్లు ఉతికే లాండ్రీలో పనిచేయుచున్నాము. మా పేర్లకు నోరు తిరగడం లేదని మేనేజరు గారు ఆడా మగా తేడా లేకుండా అందరికీ జానీ అని బిళ్లలు తగిలించినారు. ఈ దేశం వారికి మాత్రం ఎవరి పేరు వారికే ఉంచినారు. పాపం, వారి పేర్లు అంత తేలిక.

2. బాయిలరు పక్కన ఎప్పుడూ మమ్మల్నే ఎందుకు వేస్తారని మా ఇస్త్రీ అక్క అడిగినది. అడగడమే నేరమైనందున "జానీని తీసివేయడమైనది" అని గోడకు నోటీసు అంటించినారు. ఉద్యోగం పోతే అక్క పర్మిట్ పోవును. నెల తిరగకుండా, ఇక్కడి బడిలో చదువుతున్న కూతురితో సహా దేశం విడువవలెను.

3. నోటీసును శిరసావహించి జానీలమందరమూ మిషన్లు ఆపి గేటు బయట కూర్చున్నాము. మేనేజరు గారు పరుగున వచ్చి, "మిమ్మల్ని కాదయ్యా, ఆవిడ ఒక్కతినే" అన్నారు. ఏ ఆవిడో చూపించమన్నాము. ముందు మడతలు పెట్టే ఆమెను, తరువాత మరకలు తీసే ఆమెను చూపించినారు. ఇద్దరూ "అవునండి, నేనే" అన్నారు. "మీరంతా ఒక్కలాగే ఉంటారు" అని విసుక్కుని లోపలికి పోయినారు. వారి చూపును గురించి మేమేమీ అనజాలము.

4. కావున తమరు స్వయంగా విచ్చేసి, నోటీసు రద్దు చేయించి, బాయిలరు పని అందరికీ వంతులవారీగా వేయించవలసినదిగా ప్రార్థన. అంతవరకు తడి దుప్పట్లకు మా పూచీ లేదు.

మా గోడు ఇంతే, చిత్తగించవలెను.

తమ విధేయుడు,
మూటలు మోసే జానీ
(మిగతా జానీలందరి తరఫున)

తా.క.: సార్, ఇది రాస్తుండగానే అక్క లేచింది. "నా ఒక్కదాని కోసం మీరందరూ పస్తులుండటమేంటి, పోయి నేనేనని చెప్పేస్తా" అంటోంది. చెరో చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాం. చాలా మొండి మనిషి, ఎంతోసేపు ఆపలేం. మాకు భయంగా ఉంది. కాస్త తొందరగా రండి.