తమ్ముడు లేని పానిన్

డాక్టర్ పానిన్ గారికి,

కుమాసి నుంచి మీ పేరువాడు రాస్తున్నాను. మా ఆసుపత్రిలో పనికి చేరిన రష్యా డాక్టరుకీ నా పేరే ఉందని, కవలలకు పెట్టే పెండలం ముద్ద, గుడ్లు మా అమ్మ మీకు తెచ్చింది, గుర్తుందా? "కవలల్లో పెద్దవాడేగా పానిన్ అంటే! మరి చిన్నవాడు, నీ తమ్ముడు కాక్రా ఏడయ్యా?" అంది. "అది మా ఇంటిపేరమ్మా, నాకు తమ్ముడే లేడు" అన్నారు మీరు. పోయాడు కాబోలు, చెప్పలేకపోతున్నాడని అమ్మ ఏడ్చింది. నేను నవ్వాను.

పోయిన నెల మా కాక్రా చనిపోయాడు. పుట్టేటప్పుడు వాణ్ణి ముందు పంపి వెనకాల వచ్చానని మావాళ్ళు నన్ను పెద్దవాణ్ణన్నారు. ఇప్పుడూ వాడే ముందు వెళ్ళాడు. ఈసారీ నేనే పంపానా? అమ్మ ఇంకా రెండు గిన్నెలూ పెడుతోంది.

కాక్రా లేని పానిన్ నాకు తెలిసి మీరొక్కరే. ఎలా ఉంటున్నారండీ?